ఏడేళ్లుగా మా ఇంట్లో మోకాళ్లు కావిలించుకుని కూర్చున్న అగ్గాయ్

2018లో టోక్యోలో ఉద్యోగం చేస్తున్నప్పుడు అకిహాబారాలోని ఒక హాబీ షాపులో దీన్ని మొదటిసారి చూశాను. అద్దాల బీరువా నిండా తుపాకులు ఎక్కుపెట్టిన రోబోలు. వాటి మధ్య ఒక మూల గోధుమరంగు రోబో ఒకటి మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని, రెండు చేతులతో వాటిని చుట్టుకుని కూర్చుంది. గుండ్రటి తల, ఒకే ఒక్క గులాబీ కన్ను, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. ఇంటికి వెళ్దామని అమ్మకోసం ఎదురుచూస్తున్న పిల్లాడిలా అనిపించింది. ఆ రోజే కొనేశాను.

దాని పేరు అగ్గాయ్. 1979లో జపాన్ టీవీలో వచ్చిన 'మొబైల్ సూట్ గండమ్' అనే కార్టూన్ సీరియల్‌లో, హీరోలతో పోరాడే జియాన్ సైన్యానిది. నీళ్లలోనూ నేలమీదా తిరిగే రకం. చేతిలో తుపాకీ ఉండదు, ఆయుధాలు చేతుల లోపలా తలలోనూ దాగి ఉంటాయి. దక్షిణ అమెరికాలో శత్రువుల కోట జాబురోలోకి దొంగచాటుగా దూరి బాంబులు పెట్టడం కథలో దాని పని. ఆ బాంబులను ముగ్గురు చిన్నపిల్లలు కనిపెట్టి తీసేస్తారు. అంటే పుట్టుకతో ఇది ముద్దుబొమ్మ కాదు, దొంగదెబ్బ తీసే యుద్ధయంత్రం. కానీ ఆకారం చూసి ముచ్చటపడనివాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. 2010లో దీనికే ఎలుగుబంటి తల పెట్టి 'బేర్‌గ్గాయ్' అని ఒకటి తెచ్చారు. ఆ తర్వాత అరచేతిలో పట్టే 'పెటిగ్గాయ్' రంగురంగుల్లో వచ్చింది.

మా అమ్మ మాత్రం ఫోన్లో పేరు విని కంగారుపడింది. "గండమ్ బొమ్మ కొన్నానమ్మా" అంటే "గండమేంట్రా, ఏమైంది?" అంది. ఇప్పటికీ దాన్ని ఆ పేరుతో పిలవదు, "మన ఒంటికన్నోడు" అంటుంది.

నేను కొన్నది జపాన్ బొమ్మల కంపెనీ బందాయ్ వాళ్ల 'మాస్టర్ గ్రేడ్' కిట్, అంటే ముక్కలుగా వస్తే మనమే బిగించుకోవాలి. 2005 నాటిది. కథలో ఎత్తు 19.2 మీటర్లు, స్కేలు 1/100. కాబట్టి నిలబెడితే సుమారు 19 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు. జిగురు అక్కర్లేదు, పెయింట్ లేకపోయినా చూడ్డానికి బాగుంటుంది, ఎందుకంటే ప్లాస్టిక్కే ఆ రంగుల్లో పోసి ఇస్తారు. మాన్యువల్ జపనీస్‌లో ఉన్నా అక్షరాలు చదవాల్సిన పనిలేదు. ఏ ఫ్రేమ్‌లో (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ఎన్నో నంబరు ముక్క ఎక్కడ పెట్టాలో బొమ్మలే చెప్తాయి.

తయారీలో ఎక్కువ సమయం తిన్నవి కాళ్లూ చేతులూ. అగ్గాయ్ చెయ్యి అంటే ఒకదాని వెనక ఒకటి గాజులు తొడిగినట్టు వరుసగా వలయాలు. ఒకే ఆకారం, ఒకే పని, మళ్లీ మళ్లీ. మూడో రోజు రాత్రికి కొంచెం విసుగొచ్చిన మాట నిజం. కానీ చివరి వలయం ఎక్కించి చెయ్యి మెల్లగా లాగితే, గాజుల మధ్య సందు తెరుచుకుంటూ అది పొడుగ్గా సాగింది. ఆ ఒక్క క్షణానికి మూడు రోజుల విసుగూ పోయింది.

ముదురు గోధుమరంగుతో ఒక చిక్కుంది. ముక్కను ఫ్రేమ్ నుంచి నిప్పర్‌తో, అంటే చిన్న కటింగ్ ప్లయర్‌తో కత్తిరిస్తే ఆ చోట తెల్లటి మచ్చ పడుతుంది. లేత రంగు కిట్లలో ఇది కనపడదు, ఇక్కడ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఒక్క కోతతో పని కానివ్వొద్దు. ముందు దూరంగా కత్తిరించి ముక్కను విడదీయాలి. మిగిలిన మొటికను ఒక మిల్లీమీటరు ఉండేలా మళ్లీ కోసి, దాన్ని కత్తితో పల్చగా రెండు మూడుసార్లు చెక్కాలి. అయినా తెల్లగా మిగిలితే బొటనవేలి గోరుతో గట్టిగా రుద్దండి. నొక్కుడికి తెలుపు తగ్గి రంగు చాలావరకు వెనక్కొస్తుంది. ముప్పై నలభై మచ్చలు నేను అలాగే పోగొట్టాను.

నేను చేసిన పెద్ద పొరపాటు ఎనామెల్ రంగు. ఒంటిమీద చెక్కి ఉన్న సన్నటి గీతలు ఎత్తిచూపడానికి పల్చటి నల్లరంగు పారించాను, అది కాలి కీలు సందులోకి దిగింది. బిగుతుగా ఉన్న ప్లాస్టిక్‌కి ఎనామెల్ థిన్నర్ తగిలితే పగులుతుంది. మర్నాడు పొద్దున చూస్తే మోకాలి దగ్గర వెంట్రుకంత చీలిక. ప్లాస్టిక్ సిమెంట్‌తో అతికించాను, నిలిచింది. కానీ ఆ కాలు వంచేటప్పుడు నాకు ఇప్పటికీ టెన్షనే. గీతలు వేయాలనుకుంటే ముక్కలు విడిగా ఉన్నప్పుడే వేసి, బాగా ఆరాక బిగించండి.

ప్లాస్టిక్ మెరుపు తగ్గించే మ్యాట్ స్ప్రే జపాన్ వానాకాలంలో కొట్టాను. గాలిలో తేమకు ఒళ్లంతా బూడిద పూసినట్టు తెల్లబడింది. ఎండ బాగా ఉన్న రోజు చూసి పల్చగా ఇంకో కోటు కొడితే సర్దుకుంది.

2021లో హైదరాబాద్ వచ్చేశాం. ఎయిర్ బబుల్ షీట్ చుట్టి, దాని సొంత డబ్బాలోనే పెట్టి క్యాబిన్ బ్యాగులో తెచ్చాను. దాని చేతి గోళ్లు ముందే ఊడదీసి విడిగా చిన్న కవర్లో వేశాను, మంచిదైంది. ఇన్నేళ్లలో ప్లాస్టిక్ వంగలేదు, రంగు మారలేదు. పక్కనే ఉన్న తెల్ల రోబో కిటికీ వెలుగుకి పసుపెక్కింది, దీనికి ఆ బాధ లేదు. దుమ్ము మాత్రం దీనిమీద రెండు రోజులకే కనపడుతుంది. వలయాల సందుల్లోకి గుడ్డ వెళ్లదు, మెత్తటి మేకప్ బ్రష్ ఒకటి దీనికే కేటాయించాను.

కీళ్లు వదులయ్యాయి, ముఖ్యంగా భుజాలు. చెయ్యి ముందుకు చాపి వదిలితే మెల్లగా కిందికి వాలుతుంది. కీలులోకి దూరే పిన్నుకు సూపర్ గ్లూ పల్చగా రాసి, పూర్తిగా ఆరాకే బిగిస్తే మళ్లీ పట్టు వచ్చింది. తడిగా ఉండగా బిగిస్తే మాత్రం శాశ్వతంగా అతుక్కుపోతుంది, జాగ్రత్త. నడుస్తున్నట్టు, దూకుతున్నట్టు పెట్టాలనుకునేవాళ్లకు దీన్ని చెప్పను. చేతుల బరువుకి ముందుకు తూలుతుంది.

కానీ కూర్చోబెట్టడానికి దీన్ని మించింది నా దగ్గర లేదు. మిగతా రోబోలు స్టాండు అడుగుతాయి, చోటు అడుగుతాయి, నెలకోసారి పక్కకు ఒరిగి పడతాయి. ఇది ఒక పుస్తకం పట్టేంత చోట్లో ముడుచుకుని కూర్చుంటుంది. పడదు. తల కాస్త కిందికి వంచితే అలిగినట్టుంటుంది, పైకెత్తితే ఏదో అడుగుతున్నట్టుంటుంది. కన్ను పక్కకు జరిపితే గదిలో ఎవరినో చూస్తున్నట్టుంటుంది. ముఖం మీద నవ్వు గీయకుండా, కేవలం కూర్చునే తీరుతో ఒక యంత్రానికి ఇంత ప్రాణం రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ కిట్ గీసినవాళ్లు మోకాళ్లు ఛాతీదాకా వచ్చేలా ఆ కాళ్లను ఎంత ఓపికగా ఆలోచించారో దాన్ని వంచిన ప్రతిసారీ తెలుస్తుంది.

మొదటిసారి చేసేవాళ్లూ, చిన్నపిల్లలూ నేరుగా దీని జోలికి రావద్దు. పెటిగ్గాయ్‌తో మొదలుపెట్టండి. కొన్ని ముక్కలే, ఒక సాయంత్రంలో అయిపోతుంది, ధర కూడా తక్కువ. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి ఒకటి చేసింది, నీలంరంగుది. దాన్ని తీసుకెళ్లి అగ్గాయ్ పక్కన కూర్చోబెట్టి, పెద్దదాని కన్నును చిన్నదాని వైపు తిప్పింది. దుమ్ము దులిపేటప్పుడు ఆ కన్ను కదలకుండా వేలు అడ్డం పెట్టుకుంటున్నాను.