మూడు చోట్ల సీటు: బరంపురం పిల్లకు ఏది మేలు?

మా అన్నయ్య కూతురికి ప్లస్ టూ అయ్యాక మూడు చోట్ల బీటెక్ సీటు వచ్చింది. ఒడిశా ఇంజనీరింగ్ సీట్లు పంచే ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో మా ఊరు బరంపురం ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రికల్. భువనేశ్వర్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్, "ఫీజులో సగం స్కాలర్‌షిప్" అన్న లెటర్‌తో సహా. వైజాగ్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్, వదిన పుట్టింటికి రెండు స్టాపుల దూరం. ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. లెక్క కట్టే పని నా మీద పడింది.

ముందు వైజాగ్ సంగతి. వదిన వాదన ఒకటే: "మా అమ్మ దగ్గర ఉంటుంది, హాస్టల్ ఖర్చు మిగుల్తుంది." నిజమే. కానీ అదే కాలేజీలో చదివే ఆమె మేనల్లుడికి ఆంధ్ర ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తుంది, మన పిల్లకు ఇవ్వదు. ఆ పథకం ఆంధ్ర నివాసులకే. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నిజమే, కానీ తహసీల్ ఆఫీసు ఇచ్చిన రెసిడెంట్ సర్టిఫికెట్ మీద ఒడిశా అని ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై సరిహద్దు గీత గీసినప్పుడు ఇచ్ఛాపురం అటు, మనం ఇటు పడ్డాం. దాని బిల్లు ఇప్పటికీ ఇలా ఫీజు రసీదుల్లో కట్టుకుంటున్నాం. కులం సర్టిఫికెట్ కథా అంతే, ఒక రాష్ట్రంలో ఇచ్చింది రెండో రాష్ట్రం కోటాకు పనికిరాదు.

ఇక్కడ మేం చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆంధ్రలో కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవి. మిగతా 15 శాతానికి తల్లిదండ్రుల్లో ఒకరు ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివాసం ఉన్నా పోటీపడొచ్చు. వదిన పెళ్లయ్యేదాకా వైజాగ్‌లోనే ఉంది! ఆ దారి ఉందని తెలిసేసరికి ఈఏపీసెట్‌కు అప్లికేషన్ల గడువు దాటిపోయింది. మీ ఇంటి కోడలు అటువైపు నుంచి వచ్చిందైతే డిసెంబరులోనే ఈ సంగతి చూసుకోండి. మాకు మిగిలింది మేనేజ్‌మెంట్ సీటే: ఫీజు 1,50,000, రానుపోను, పుస్తకాలు 30,000. నాలుగేళ్లకు 7,20,000. అమ్మమ్మ చేతి భోజనానికి లెక్క వేయలేదు.

భువనేశ్వర్ లెటర్ చూస్తే అన్నయ్య కళ్లు మెరిశాయి. ఫీజు 1,60,000లో సగం మాఫీ, అంటే 80,000. హాస్టల్ 90,000. ఏడాదికి 1,70,000, నాలుగేళ్లకు 6,80,000, వైజాగ్ కంటే తక్కువే. కానీ లెటర్ రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: సీజీపీఏ (పదికి లెక్కేసే సగటు మార్కు) 8కి తగ్గితే మరుసటి ఏడాది నుంచి మాఫీ ఉండదు. మొదటి ఏడాదే జారిందనుకోండి, మిగతా మూడేళ్లూ 2,50,000 చొప్పున కట్టాలి, మొత్తం 9,20,000. ఒకే సీటుకు రెండు ధరలు, మధ్యలో 2,40,000 తేడా. ఇంటికి దూరంగా, కొత్త ఊళ్లో, మొదటి సెమిస్టర్ లెక్కల పేపరు మీద అంత బరువు పెట్టడం నాకు నచ్చలేదు. హాస్టల్ ఫీజు ఏటా పెరగదని ఎవరు చెప్పారు? అదీ రాసివ్వమన్నాను.

ప్రభుత్వ సీటు లెక్క పొట్టిది. ఫీజు, బస్సు పాస్, పుస్తకాలు కలిపి ఏడాదికి 55,000 లోపు. ఇంట్లోనే తిండి. నాలుగేళ్లకు 2,20,000.

దీని మీద సాయం ఇంకా ఉంది. ఆడపిల్లలకు ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యామండలి) ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకే. ఎంపిక మార్కులను బట్టి, కాబట్టి వస్తుందని ఖర్చు పెట్టేసుకోకూడదు. అది రాకపోతే కేంద్రం ఇచ్చే పీఎం-యూఎస్పీ స్కాలర్‌షిప్ ఉంది, బోర్డులో పై 20 శాతంలో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు అయితే మొదటి మూడేళ్లు 12,000 చొప్పున, బీటెక్ వాళ్లకు నాలుగో ఏడు 20,000. రెండూ కలిపి తీసుకోవడానికి వీల్లేదు. ట్యూషన్ ఫీజు మాఫీ సీట్లు కూడా ఉంటాయి, ప్రతి బ్రాంచిలో 5 శాతం అదనంగా. మా పిల్ల ర్యాంకుకు అందలేదు.

లోన్ తీసుకుందామన్నాడు అన్నయ్య. 6 లక్షలు 10 శాతానికి తీసుకుని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,000, చదువు నడుస్తుండగా పేరుకునే వడ్డీ కాకుండా. 2024లో వచ్చిన కేంద్రం చదువుల లోన్ పథకం పీఎం విద్యాలక్ష్మిలో ఆస్తి తాకట్టు, హామీదారు అక్కర్లేదు, ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల దాకా లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కానీ ప్రభుత్వం లిస్టులో ఉన్న సంస్థలకే. కాలేజీవాళ్లు "మా దగ్గర లోన్ ఈజీ" అంటే ఆ లిస్టులో పేరుందో లేదో చూపించమనండి.

ఇంత లెక్కా విన్నాక పిల్ల అడిగింది: "మరి కంప్యూటర్ సైన్స్ సంగతి ఏంటి బాబాయ్?" అదే అసలు చిక్కు. నాలుగు లక్షలు మిగిల్చి నచ్చని బ్రాంచిలో కూర్చోబెడితే ఆ మిగులు ఎవరికి? అలాగని భువనేశ్వర్ బ్రోషర్ మీద మెరిసే అత్యధిక ప్యాకేజీ ఒక్కడికి వచ్చింది, మధ్యలో ఉన్నవాడికి ఎంత వచ్చిందో ఫోన్ చేసి అడిగితే "కనుక్కుని చెప్తాం" అన్నారు. నా ఓటు ఇంటి దగ్గరి సీటుకే, తర్వాతి రౌండ్లలో బ్రాంచి మారే అవకాశం వదలకుండా. మిగిలే డబ్బులో ఒక మంచి లాప్‌టాప్, ఇంట్లో కూర్చుని కోడింగ్ నేర్చుకోవడానికి ఒక కోర్సు.

మాఫీ ఏ షరతుతో నిలుస్తుందో, హాస్టల్ ఫీజు పెరుగుతుందో లేదో మెయిల్లో పంపమని భువనేశ్వర్ వాళ్లను మూడుసార్లు అడిగాం. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఏదో వచ్చింది. తెరిచి చూస్తే అదే బ్రోషర్.