బహిరంగ సభా, లాటరీ బృందమా, శాశ్వత కమిటీయా? స్థానిక వైద్య సేవల ప్రణాళికలో ఏది మేలు?

ఆసుపత్రిలో ఒక విభాగాన్ని మూసి వేరేచోట కలపాలనో, ఉన్న డబ్బులో కొంత ఇంటి దగ్గర అందే సేవలకు మళ్ళించాలనో ఆలోచన వచ్చిందనుకోండి. జనాన్ని అడగాలి, సరే. వైద్య సేవల ప్రణాళికలో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత కూడా అని 1978లోనే ఆల్మా-ఆటా అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు ప్రకటన తేల్చింది. మరి ఎలా అడగాలి? అందరినీ పిలిచి బహిరంగ సభ పెట్టాలా, లాటరీతో ఎంచిన మామూలు జనాన్ని కొన్ని రోజులు కూర్చోబెట్టాలా, ఏళ్ళ తరబడి కొనసాగే కమిటీ వేయాలా? పాఠకులు నన్ను పదేపదే అడుగుతున్నది ఇదే.

సర్వే గురించి రెండు మాటలు చెప్పి పక్కన పెడతాను. ఎవరికి ఎక్కడ ఇబ్బంది ఉందో, ఎన్నాళ్ళు ఎదురుచూడాల్సి వస్తోందో తెలుసుకోవడానికి సర్వే పనికొస్తుంది. దాన్ని పట్టుకుని నిర్ణయం చేయలేం. ‘మీకు దగ్గర్లో ఆసుపత్రి కావాలా?’ అంటే వద్దనేవారు ఎవరుంటారు? ఆన్‌లైన్‌లో సూచనలు పంపమనడమూ ఇంతే.

బహిరంగ సభకు ఉన్న బలాన్ని తక్కువగా చూడకూడదు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు, అధికారి అందరి ఎదుటా జవాబు చెప్పాలి. తప్పుడు నిర్ణయాన్ని ఆపే శక్తి గుమికూడిన జనానికి ఉంటుంది. లండన్‌లోని లూయిషామ్ ఆసుపత్రి ఇందుకు ఉదాహరణ. పక్కన ఆసుపత్రులు నడిపే మరో ప్రభుత్వ ట్రస్టు అప్పులపాలైతే ఈ ఆసుపత్రి అత్యవసర విభాగాన్ని కుదించాలని 2013 జనవరిలో ఆరోగ్య మంత్రి నిర్ణయించారు. వేలమంది వీధుల్లోకి వచ్చారు, కోర్టుకూ వెళ్ళారు. మంత్రి తనకు లేని అధికారాన్ని వాడారని ఆ ఏడాదే హైకోర్టు, తర్వాత అప్పీలు కోర్టు తేల్చాయి. అలాంటిచోట లాటరీ తీసి పిలిచిన పాతికమంది చేయగలిగేది ఏమీ లేదు.

అయితే ఆపడం వేరు, ప్రణాళిక వేయడం వేరు. లండన్‌లోనే 2010లో జరిగిన మార్పు చూడండి. అంతవరకూ దాదాపు 30 ఆసుపత్రుల్లో చేస్తున్న స్ట్రోక్ (పక్షవాతం) చికిత్సలో మొదటి ఘట్టాన్ని ఎనిమిది ప్రత్యేక కేంద్రాలకు చేర్చారు. నగరంలో ఎక్కడినుంచైనా అంబులెన్స్ 30 నిమిషాల్లో చేరేలా వాటిని ఎంచుకున్నారు. చాలామందికి ఆసుపత్రి దూరమైంది. కానీ స్కాన్, స్పెషలిస్టు, మందు రాత్రీపగలూ సిద్ధంగా ఉండటంతో మరణాలు ఇంగ్లండ్‌లోని మిగతా ప్రాంతాల కంటే ఎక్కువగా తగ్గాయని తర్వాతి అధ్యయనం చూపించింది. అదే కాలంలో గ్రేటర్ మాంచెస్టర్ ఈ పనిని సగమే చేసింది. లక్షణాలు మొదలై నాలుగు గంటలు దాటని రోగులనే ప్రత్యేక కేంద్రాలకు పంపింది. అక్కడ మరణాల్లో అలాంటి అదనపు తగ్గుదల కనిపించలేదు.

ఈ లెక్కంతా రెండు నిమిషాలు మైకు దొరికే సభలో ఎవరికి అందుతుంది? ‘మా ఆసుపత్రి తీసేస్తున్నారు’ అన్న భయం నిజమైనదే. దాన్ని గౌరవించాలి. ఆ భయాన్ని ఇంకో ప్రమాదం పక్కన పెట్టి తూచుకోవడానికి మనిషికి సమయం కావాలి, అడిగితే జవాబు చెప్పేవాళ్ళు కావాలి. నా దృష్టిలో అసలు తేడా ఇదే. తూచుకునే వ్యవధి ఇవ్వని పద్ధతి ఏదైనా, అందులో బయటపడేది జనం మొదటి స్పందన మాత్రమే.

లాటరీ బృందం ఆ వ్యవధిని ఇస్తుంది. 1970లలో అమెరికాలో నెడ్ క్రాస్‌బీ, జర్మనీలో పీటర్ డీనెల్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రూపొందించిన పద్ధతి ఇది. వయసు, ఆదాయం, ఉండే ప్రాంతం చూసి, ఊరి పోలికలు ఉన్న పాతికమందిని లాటరీతో ఎంచుతారు. వాళ్ళు కొన్ని రోజులు కూర్చుని వైద్యులనూ లెక్కలవాళ్ళనూ వ్యతిరేకించేవాళ్ళనూ ప్రశ్నించి, తమ మాట రాసి ఇస్తారు. కూలి పోగొట్టుకుని వచ్చేవారికి ఆ రోజుల డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే తీరిక ఉన్నవాళ్ళే మిగులుతారు, బృందం మళ్ళీ సభలాగే తయారవుతుంది.

లోపం లేదని కాదు. ప్రశ్న ఎవరు రాస్తారు, సాక్షులను ఎవరు పిలుస్తారు అన్నదాంట్లో సగం ఫలితం దాగి ఉంటుంది. ఇది అన్ని పద్ధతులకూ వర్తించే విషయమే. 1985 నాటి గన్నింగ్ కేసు బడుల మూసివేత మీద వచ్చింది. అప్పటినుంచి ఇంగ్లండ్ కోర్టులు నాలుగు సంగతులు చూస్తాయి: ప్రతిపాదన ఇంకా రూపుదిద్దుకుంటున్నప్పుడే అడిగారా, కారణాలు చెప్పారా, తగిన సమయం ఇచ్చారా, వచ్చిన జవాబులను మనసుపెట్టి పరిశీలించారా. ఎవరు సభ పెట్టినా, బృందాన్ని కూర్చోబెట్టినా ముందు ఈ నాలుగూ అడగండి.

శాశ్వత కమిటీ మేలు ఒక్కటే, అది చాలా పెద్ద మేలు: రెండేళ్ళ తర్వాత ‘అప్పుడు ఒప్పుకున్నది ఏమైంది?’ అని అడగడానికి ఎవరో ఒకరు ఉంటారు. బ్రెజిల్‌లో 1990 నాటి చట్టం ప్రకారం ఆరోగ్య మండళ్ళలో సగం స్థానాలు సేవలు వాడుకునేవారివే. కానీ ఏళ్ళ తరబడి అవే ముఖాలు కూర్చుంటే, వాళ్ళు నెమ్మదిగా ఆఫీసు భాషే మాట్లాడటం మొదలుపెడతారు. అందుకే ప్రణాళిక వేసే పని లాటరీ బృందానికి, దాని అమలును కనిపెట్టే పని కమిటీకి ఇవ్వాలంటాను.

లాటరీ బృందానికి ఖర్చు ఎక్కువ, అది నిజం. పైగా వైద్యంలో ఒక చిక్కు ఉంది. సేవలు అందరికంటే ఎక్కువ అవసరమైనవారే ఏ గదికీ రాలేరు. మంచాన పడ్డవాళ్ళు, వాళ్ళను వదిలి కదలలేని ఇంటివాళ్ళు, మానసిక జబ్బుతో నలుగురిలో కూర్చోలేనివాళ్ళు లాటరీలో పేరు వచ్చినా రారు. కాబట్టి బృందంలోనివారే కొందరు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, విన్నది తెచ్చి మిగతావారి ముందు పెట్టాలి. ఒక్క సభకు సరిపడా డబ్బే ఉంటే, నేనైతే ఆ హాలు అద్దె కట్టను. డయాలసిస్ గదికి వెళ్తాను. అక్కడ మనిషి నాలుగు గంటలు కదలకుండా ఉంటాడు, వినడానికి వచ్చినవారికి చెప్పేందుకు అతని దగ్గర చాలా ఉంటుంది.