నల్లగొండలో చిరువ్యాపారుల శిక్షణ: లెక్కల పాఠం గట్టిది, నష్టభయం పాఠం సగమే

నల్లగొండ పట్టణంలో చిన్న దుకాణదారుల కోసం నాలుగు ఆదివారాల పాటు నడిచే వ్యాపార నిర్వహణ శిక్షణకు, ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుతున్న నేను ఇటీవల హాజరయ్యాను. రుసుము రూ.2,500. బోధన అంతా తెలుగులోనే సాగుతుంది. ఉపన్యాసం తక్కువ, కాగితం మీద చేయించే లెక్కలు ఎక్కువ.

మొదటి రెండు వారాలకే రుసుము గిట్టుబాటు అవుతుంది. అమ్మినా అమ్మకపోయినా తప్పని ఖర్చును, అమ్మకంతో పాటు పెరిగే ఖర్చును విడదీయడం ఎలాగో ఒక టిఫిన్ సెంటర్ లెక్కతో చూపించారు. అద్దె, ఇద్దరి జీతాలు, అప్పు వాయిదా కలిపి నెలకు రూ.54,000 తప్పదని, రూ.40కి అమ్మే ప్లేటు దోసెకు పిండి, నూనె, గ్యాస్ కింద రూ.22 అవుతుందని అనుకుంటే, ప్లేటుకు మిగిలేది రూ.18. అంటే నెలకు 3,000 ప్లేట్లు, రోజుకు 100 అమ్ముడుపోయేదాకా యజమానికి ఏమీ మిగలదు. ధర రూ.5 పెంచితే రోజుకు 79 ప్లేట్లే చాలు; కాబట్టి ఇప్పుడు సరిగ్గా వంద అమ్ముతున్నవారు తేల్చుకోవలసింది, ఆ ఐదు రూపాయల వల్ల ఇరవై ఒక్క ప్లేట్లకు మించి గిరాకీ తగ్గుతుందా అన్నదే. ధర పెంచాలా వద్దా అని నెలల తరబడి నానబెట్టే వారికి ఇంత స్పష్టమైన అంకె దొరకడం మామూలు విషయం కాదు.

తిరిగిరాని ఖర్చు గురించిన పాఠానికి ఈ జిల్లాలో బోరుబావిని మించిన ఉదాహరణ ఉండదు, వారూ దానినే తీసుకున్నారు. ఎండిపోయిన మూడు బోర్లకు పెట్టిన డబ్బు నాలుగోది వేయడానికి కారణం కాకూడదని, నాలుగో బోరుకయ్యే ఖర్చును, అక్కడ నీరు పడే అవకాశాన్ని మాత్రమే తూచాలని వివరించినప్పుడు గదిలో చాలామంది తలలు వంచుకున్నారు. సొంత మడిగెలో వ్యాపారం చేసేవారు, దాన్ని ఇతరులకు ఇస్తే వచ్చే అద్దెను ఖర్చుగా లెక్కించక, లాభంగా భ్రమపడతారన్న మాట కూడా అక్కడే వచ్చింది.

మూడో వారంలో నష్టభయం (రిస్క్) వద్దకు వచ్చేసరికి పాఠం పలచబడింది. దాన్ని తప్పించుకోవడం, తగ్గించుకోవడం, బీమా ద్వారా ఇతరులకు బదిలీ చేయడం, భరించడం అనే నాలుగు దారులు చెప్పి, ఉద్దెర ఒక్కరికే ఇవ్వకుండా ఎక్కువమందికి పంచితే చాలన్నారు. బట్టల దుకాణానికి అది సరిపోవచ్చు. మునుగోడు, దేవరకొండ వైపు పత్తి రైతులకు జూన్‌లో ఎరువులు ఇచ్చి, పత్తి అమ్ముడుపోయాక వసూలు చేసుకునే నాలాంటి వారికి మాత్రం సరిపోదు. ఖాతాలో నలభై పేర్లున్నా, ఆ నలభై పొలాలూ ఒకే వానను నమ్ముకున్నవైతే, వాన తప్పిన ఏడు అందరి బాకీలూ కలిసే ఆగిపోతాయి. నష్టాలు ఒకదానితో ఒకటి ముడిపడనప్పుడే పంచడం పనిచేస్తుంది. బీమా కంపెనీల లెక్క కూడా దాని మీదే ఆధారపడుతుంది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతులకు కొంత, మెట్ట పంటల వారికి కొంత ఇవ్వడం, మరికొంత నగదు అమ్మకాలకు మళ్లించడం నిజమైన పంపకం. కాలువకు కూడా నీరు రాని సంవత్సరాలు ఉంటాయనుకోండి, అయినా రెండూ ఒకేసారి దెబ్బతినే అవకాశం తక్కువ. అవకాశాన్ని అంకెల్లో అంచనా వేయగల నష్టభయానికీ, వేయలేని అనిశ్చితికీ తేడా ఉందని ఫ్రాంక్ నైట్ అనే ఆర్థికవేత్త 1921లోనే వివరించాడు. ఈ తరగతిలో ఆ ఊసే లేదు.

సరిదిద్దవలసిన మాట ఒకటుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం 45 రోజుల్లో బాకీ రాబట్టుకోవచ్చని అందరికీ కలిపి చెప్పారు. ఆ రక్షణ సరుకు తయారుచేసే, సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు ఉంది. 2021లో చిల్లర, టోకు వ్యాపారులను ఈ సంస్థల జాబితాలోకి చేర్చింది ప్రాధాన్య రంగ రుణాల కోసం, అంటే బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పనిసరిగా కేటాయించే రుణాల కోసం మాత్రమే. దాన్ని నమ్ముకుని ఉద్దెర పెంచితే దుకాణదారుడు ఇబ్బంది పడతాడు.

చివరి వారం ముద్ర రుణాల దరఖాస్తులతోనే గడిచిపోయింది. బ్యాంకుకు వెళ్తే తెలిసే సంగతులవి. హోటళ్లు, టైలరింగ్, కిరాణా నడిపేవారు చేరవచ్చు. పంట మీద ఆధారపడిన ఉద్దెర వ్యాపారులు మొదటి రెండు వారాలకే చేరే వీలుందేమో, అప్పుడు రుసుములో ఎంత తగ్గిస్తారో ముందే అడగడం మంచిది.