ఎకరాకి ఐదు బస్తాలు ఎక్కువట... దేనికంటే ఎక్కువ? దాళ్వా (రబీ పంట) అంతా వాడి చూసిన వరి టానిక్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, 5కి 2 ఇస్తాను. ఆ రెండూ కూడా మోతాదు తెలుగులో స్పష్టంగా రాసినందుకూ, కొట్టాక ఆకు మాడనందుకూ. పంట పెంచుతుందన్న మాటకి మాత్రం నా దగ్గర మార్కులు లేవు. ఎందుకో వివరంగా రాస్తాను. ఈ రెండు మూడేళ్లలో మా వైపు ఏ ఎరువుల కొట్టుకెళ్లినా ఇలాంటి సీసాలు వరసగా పెట్టి ఉంటున్నాయి, కొనేవాళ్లంతా మాలాంటి ఎకరం రెండెకరాల వాళ్లే. కంపెనీ పేరు రాయను. ఒక్క చేలో ఒక్క పంట చూసి ఒకరి పేరు మీద ముద్ర వేయడం సరికాదు.

సరుకు ఇది: సముద్రపు నాచు సారం అని రాసిన నల్లటి ద్రవం, లీటరు సీసా 1,150 రూపాయలు. ఎకరాకి అర లీటరు చొప్పున రెండుసార్లు, పిలక దశలో (కుదురు నుంచి కొత్త కాడలు వచ్చేటప్పుడు) ఒకటి, చిరుపొట్ట దశలో (కంకి లోపల తయారయ్యేటప్పుడు) ఒకటి. ఎండుచేపల గంపలాంటి వాసన, ట్యాంకులో పోస్తే నురగ వస్తుంది, వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. మూత దగ్గర కారుతుంది కాబట్టి బండి డిక్కీలో పడుకోబెట్టి తేవద్దు. సరుకు గురించి చెప్పాల్సింది ఇంతే, మిగతాదంతా దాన్ని ఎలా కొన్నాం, ఎలా పరీక్షించాం అన్నది.

మాది పశ్చిమ గోదావరిలో ఆచంట వైపు ఒక చిన్న ఊరు. నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను, వ్యవసాయం నాన్నగారిది, సెలవుల్లో నేను తోడు. సీసా కొన్నది నాన్నగారే. కొనడానికి కారణం కొట్టువాడి మాటలు కొంత, అసలు కారణం బాబాయి చేను. మా చేనుకి బోదె (నీళ్లొచ్చే చిన్న కాలువ) వైపు సరిహద్దు బాబాయిది. ఆయనకి దాళ్వాలో ఎకరాకి 50 బస్తాలు (బస్తా అంటే 75 కిలోలు) దాటుతాయి, మాకు 43, 44 దగ్గర ఆగిపోతాయి. ఇరవై ఏళ్లుగా ఇదే. కోతలయ్యాక నాన్నగారు రెండు మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడరు. "వాడి చెయ్యి మంచిది, నాకు సేద్యం చేతకాదు" అంటారు. ఊరికే అనే మాట కాదది, ఆయన నిజంగానే అలా నమ్ముతారు. ఆ నమ్మకంతోనే ప్రతి దాళ్వాకి ఒక కొత్త సీసా ఇంటికొస్తుంది.

ఇంకో విషయం కూడా చెప్పాలి. మా అవతలి వీధిలో ఒకాయనకి 40 బస్తాలే పండుతాయి, ఆయన మాత్రం పండగ చేసుకుంటాడు, ఎందుకంటే ఆయన పక్క చేను 36. లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు, కొలవడానికి సరైన కొలబద్ద దొరకనప్పుడు మనిషి తన సత్తాని తనలాంటి వాళ్లతో పోల్చుకుని అంచనా వేసుకుంటాడని. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు చూసి అమెరికా పరిశోధకులు గమనించింది కూడా ఇలాంటిదే: వెండి పతకం వచ్చినవాళ్ల కంటే కంచు పతకం వచ్చినవాళ్ల ముఖాల్లో సంతోషం ఎక్కువ కనిపించింది. వెండివాడు చేజారిన బంగారాన్ని చూస్తాడు, కంచువాడు అసలు పతకమే రాకుండా పోయేదే అనుకుంటాడు. మా నాన్నగారు ఇరవై ఏళ్లుగా వెండి పతకం పట్టుకుని కూర్చున్న మనిషి, నాకు ఆయన్ని అలా చూడటం బాధగా ఉంటుంది.

ఇప్పుడు కొట్టు సంగతి. గోడ మీద పోస్టర్, "ఎకరాకి 5 నుంచి 8 బస్తాలు అదనం". కింద రెండు వరి కుదుళ్ల ఫోటో, ఒకదానికి వేళ్లు గుబురుగా, ఇంకోదానికి పలచగా. బల్ల మీద నిజం కుదుళ్లు కూడా పెట్టి చూపించారు. మందు కొట్టిన కుదురు ఎక్కడిదండీ అని అడిగితే గట్టు పక్క నుంచి పీకిందట, కొట్టనిది చేను మధ్యలోదట. గట్టు పక్క కుదురుకి ఒక వైపు అంతా ఖాళీ, ఎండా గాలీ ఎక్కువ తగులుతాయి, ఎరువుకి పోటీ తక్కువ, ఏ మందూ కొట్టకపోయినా దానికి పిలకలు ఎక్కువే వస్తాయి, ఊడ్చే కూలీలని అడిగినా ఇదే చెబుతారు. ఆ రెండు కుదుళ్లూ పక్కపక్కన పెట్టి పోల్చమంటే మందుని పోల్చినట్టా, గట్టుని పోల్చినట్టా?

నేను పిల్లలకి చెప్పే పాఠం ఒకటుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు, సాలిస్‌బరీ అనే ఓడలో చిగుళ్లు పాచిపోయే స్కర్వీ జబ్బు వచ్చిన 12 మంది నావికులని తీసుకున్నాడు. అందరినీ ఒకే చోట పడుకోబెట్టి, ఒకే తిండి పెట్టి, ఇద్దరిద్దరికి ఒక్కో మందు ఇచ్చాడు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరే గబగబా కోలుకున్నారు. మిగతా పదిమంది పక్కనే లేకపోతే ఆ ఇద్దరూ పళ్ల వల్ల లేచారో, సముద్రపు గాలికి లేచారో ఎవరు చెప్పగలరు? ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి గోధుమ వేస్తున్న ఒక పొలం ఉంది, అందులో ఒక ముక్కకి అప్పటి నుంచి పిడికెడు ఎరువు కూడా వేయలేదు. మిగతా ముక్కల్లో ఎరువు ఏం చేస్తుందో తెలియాలంటే ఆ వట్టి ముక్క ఉండాల్సిందే. అంతదూరం ఎందుకు, మా పక్కనున్న మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925 నుంచి ఉంది, 1982లో స్వర్ణ వరి రకం విడుదలైంది అక్కడి నుంచే. అక్కడ కొత్త రకం ఏది వచ్చినా పాత రకాన్ని పక్కన వేసి చూడకుండా బాగుందని అనరు.

అందుకని నాన్నగారిని ఒప్పించాను. "నాన్నా, సీసా కొన్నారు, వాడదాం. కానీ సగం చేనుకే." ఆయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది, సగం చేనుని నష్టపెట్టినట్టు అనిపించింది ఆయనకి.

చేసింది ఇది. 2024-25 దాళ్వా, ఎంటీయూ 1121 రకం వరి, ఒక ఎకరం. బోదె దగ్గర నుంచి మురుగు కాలువ దాకా నాలుగు జతల ముక్కలుగా తాళ్లు కట్టాం. ప్రతి జతలో ఏ ముక్కకి మందు అన్నది రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చాం. ఈ బిళ్ల ఎగరేయడం పిల్లలాటలా కనిపిస్తుంది కానీ ఇదే ముఖ్యం. 1919లో రోథామ్‌స్టెడ్‌లో చేరిన గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ పట్టుబట్టి నేర్పించింది ఇదే, ఎందుకంటే మనల్ని ఎంచుకోమంటే తెలియకుండానే మంచి ముక్కకే మందు కొడతాం. రెండో ముక్కకి అదే ట్యాంకుతో వట్టి నీళ్లు కొట్టాం. గాలి లేని పొద్దున చూసి, మధ్యలో రెండు మీటర్లు వదిలేశాం. యూరియా, డీఏపీ, నీళ్లు, కలుపు అన్నీ సమానం.

మొదటిసారి కొట్టిన పదిహేను రోజులకి పిలకలు లెక్కపెట్టడానికి దిగాం. మోకాళ్ల దాకా బురద, నాన్నగారు వంగి కుదుర్ని రెండు చేతులతో విడదీసి ఒక్కో పిలకనీ బొటనవేలితో పక్కకి నెడుతూ లెక్కపెడుతున్నారు. మందు కొట్టిన వైపు 16, 17, 15. నీళ్ల వైపు 13, 14, 13. "చూశావా" అన్నారు, ముఖం వెలిగిపోయింది. నాకూ ఆశ పుట్టింది. అయినా అవే కుదుళ్లకి నూలు కట్టి, సాయంత్రం మా అబ్బాయిని దింపాను, వాడికి ఏది ఏ వైపో తెలియదు. వాడి లెక్కలో రెండు వైపులా 14, 15 దగ్గరే వచ్చాయి. నాన్నగారు అబద్ధం ఆడలేదు. మందు వైపు సన్న మొలక కనిపించినా పిలక అనుకున్నారు, నీళ్ల వైపు అదే మొలకని వదిలేశారు. ఆయన దగ్గరే కూర్చుని మళ్లీ లెక్కపెట్టించాను, ఆ సన్న మొలక దగ్గర ఆయన వేలు ఆగింది, కాసేపు దానివైపే చూసి, "ఇది పిలకేనా?" అని నన్నే అడిగారు. ఇరవై ఏళ్లు బాబాయి చేనుని కూడా ఇలాగే లెక్కపెట్టి ఉంటారేమో అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అవతల వాడిది ప్రతి మొలకా పిలకే, మనది మాత్రం ఎండిన ఆకు.

కోతప్పుడు, దిగుబడి అంచనా కట్టే పంట కోత ప్రయోగాల వాళ్లు చేసినట్టే ప్రతి ముక్కలో 5 మీటర్ల చదరం కొలిచి, విడిగా కోసి, నూర్చి, ఒకేలా ఆరబెట్టి కాటా వేశాం. కిలోల్లో మందు ముక్క, నీళ్ల ముక్క ఇలా వచ్చాయి. బోదె దగ్గర జత 21.4, 21.6. రెండోది 20.8, 20.5. మూడోది 19.9, 19.2. మురుగు కాలువ దగ్గరిది 17.6, 17.5. సగటున తేడా పావు కిలో లోపు. ఎకరాకి లెక్కేస్తే 36 కిలోలు, అంటే అర బస్తా. అందులోనూ ఒక జతలో వట్టి నీళ్లే గెలిచాయి కాబట్టి ఆ అర బస్తా కూడా మందుదే అని చెప్పలేను. మందుదే అనుకున్నా అప్పటి క్వింటా 2,300 మద్దతు ధరకి 830 రూపాయల లోపు. సీసా 1,150, రెండుసార్లు కొట్టిన కూలి అదనం. పోస్టర్ మీద 5 నుంచి 8 బస్తాలు!

కానీ ఆ అంకెలని ఇంకోసారి చూడండి, ఈసారి పై నుంచి కిందకి. బోదె దగ్గర 21.5, మురుగు కాలువ దగ్గర 17.5. ఒకే ఎకరంలో, ఒకే విత్తనం, ఒకే మనిషి చెయ్యి, నాలుగు కిలోల తేడా. ఎకరాకి ఎనిమిది బస్తాల పైమాట. కొట్టువాడు అమ్ముతానన్న ఎనిమిది బస్తాలూ మా చేలోనే ఉన్నాయి, నీళ్లు నిలిచిపోయిన పల్లంలో మునిగి ఉన్నాయి. బాబాయి చేను మొత్తం మెరక, మురుగు దిగుతుంది. మాది సగం ఊబ. నాన్నగారు ఇన్నేళ్లూ తన చేతిని బాబాయి చేతితో పోల్చుకున్నారు, నిజానికి పోల్చింది మెరకని పల్లంతో. మా పై ముక్క లెక్క ఎకరాకి వేస్తే 46 బస్తాలు. బాబాయికి ఇంకా నాలుగైదు బస్తాల దూరం ఉంది, ఆ దూరం ఏమిటో ఇంకా వెతకాలి.

ఈ కాగితం నాన్నగారికి చూపించినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత 21.5 మీద వేలు పెట్టి, "ఇదీ నేను పండించిందేనా?" అన్నారు. అవును నాన్నా అన్నాను. నాకు గొంతు పట్టేసింది.

కొనాలనుకునేవాళ్లకి: ఇలాంటి టానిక్కులని, అంటే బయో స్టిమ్యులెంట్లని, 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి తెచ్చింది, కాబట్టి సీసా మీద తయారీదారు, బ్యాచ్, లోపలున్న పదార్థాల వివరం ఉందో లేదో చూడండి, బిల్లు తప్పకుండా అడగండి. కొంటే మొత్తం చేనుకి కొట్టకండి. సగం వదిలేయండి, బిళ్ల ఎగరేసి వదిలేయండి, లెక్క తెలియనివాళ్ల చేత లెక్కపెట్టించండి. చౌడు నేలల్లో, కరువు ఏడాదిలో దీని ఫలితం వేరుగా ఉండొచ్చు, నేను చూసింది డెల్టా నల్లరేగడిలో ఒక్క దాళ్వా మాత్రమే. మీరు చూస్తే మీ అంకెలు కింద రాయండి, నీళ్ల ముక్క అంకెతో కలిపి.

మిగిలిన అర లీటరు అటక మీదే ఉంది. వేసవిలో మురుగు బోదె తవ్వించాం, సార్వాకి (వానాకాలం పంటకి) నాన్నగారు తాళ్లూ కర్రలూ విప్పకుండా పాకలో దాచారు, జింకు సగం చేనుకే వేద్దాం అంటున్నారు.