బైక్‌కి టార్క్ రెంచ్: ఎనిమిది నెలలు వాడాక

నేను కొన్నది 3/8 అంగుళం సాకెట్లు పట్టే క్లిక్ రకం టార్క్ రెంచ్, అంటే బోల్టు ఎంత బిగించాలో కొలత పెట్టుకుంటే అంతకి చేరగానే క్లిక్ అనే పానా. బిగింపు కొలత 5 నుంచి 60 న్యూటన్ మీటర్ల వరకు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక టూల్స్ షాపులో 2,900 పడింది. ఇంటి దగ్గర బండి పని సొంతంగా చేసుకునేవాళ్ళు తప్పకుండా కొనుక్కోండి, నేను ఆలస్యంగా కొని నష్టపోయాను.

పోయిన వానాకాలం ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాను. కుర్రాడు పొడుగు పానా వేసి పాత ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్టుని ఒంటి బరువంతా పెట్టి బిగిస్తుంటే, అంత టైట్ ఎందుకు తమ్ముడూ అన్నాను. "ఏటీ అవదన్నా, లీకవకూడదు కదా" అన్నాడు. నెల తిరక్కుండా సాలూరు వెళ్తూ గజపతినగరంలో టీకి ఆగితే ఇంజన్ కింద అరచేయంత నల్ల మరక. బోల్టు ఇనుము, కేసింగ్ అల్యూమినియం, మర పోయింది అల్యూమినియం వైపే. లేత్ షాపులో మళ్ళీ మర వేయించి బండి బయటికి తెచ్చేసరికి ఈ రెంచ్ ధరలో సగం అయిపోయింది, మూడు రోజులు బస్సులో తిరిగాను.

షాపులో మొదట 1/2 అంగుళం రెంచ్ చూపించారు, 28 నుంచి 210 వరకు ఉన్నది. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది, కారు వీల్ నట్లకి బాగుంటుంది. బైక్‌లో మనం తరచూ విప్పేవి మాత్రం చిన్నవి. డ్రెయిన్ బోల్టు చాలా బళ్ళకి 20, 30 మధ్యలో ఉంటుంది, చిన్న కవరు బోల్టులు 10 దగ్గర. ఇవి పెద్ద రెంచ్‌కి అందవు. మీ బండి మాన్యువల్‌లో అంకెలు ముందు చూసుకుని షాపుకి వెళ్ళండి. పాత మాన్యువల్స్‌లో కేజీ మీటర్లలో ఉంటే 9.8తో హెచ్చించాలి, అంటే 2.5 ఉంటే సుమారు 24.5 న్యూటన్ మీటర్లు.

కొన్నాక నమ్మకం కుదరక ఒక పరీక్ష చేశాను. వెల్డింగ్ షాపులో వైస్‌కి, రెంచ్‌లో సాకెట్ తగిలించే చదరపు ముక్కని బిగించి, పిడి అడ్డంగా ఉండేలా పెట్టి, నీళ్ళ క్యాన్‌ని కిరాణా కాటా మీద సరిగ్గా 10 కిలోలకి తూచి, చదరపు ముక్క నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పిడి మధ్యకి తాడుతో వేలాడదీశాను. 10 కిలోలు, 0.3 మీటర్లు అంటే 29.4 న్యూటన్ మీటర్లు, రెంచ్ సొంత బరువు ఇంకొంచెం కలుస్తుంది. 28 మీద పెడితే క్యాన్ వదలగానే క్లిక్ అంది. 32 మీద పెడితే అలాగే వేలాడింది, చప్పుడు లేదు. ఆ రోజు నుంచి టెన్షన్ లేదు.

వాడేటప్పుడు నాకు కష్టమైంది 10 దగ్గర. క్లిక్ చాలా మెత్తగా ఉంటుంది, రోడ్డు పక్కన ఆటోల హారన్ల మధ్య అసలు వినపడదు, అరచేతిలో చిన్న తట్టులా తెలుస్తుంది అంతే. అది తెలియక లాగుతూ పోతే కొలత దాటిపోతుంది. 60 వరకు ఉన్న రెంచ్‌ని 12 కింద గట్టిగా నమ్మకూడదు కూడా, ఏ రెంచ్ అయినా దాని పై కొలతలో ఐదో వంతు కింద అంత కచ్చితంగా చెప్పదు. అందుకే చిన్న బోల్టుల పని ఎక్కువ ఉంటే 1/4 అంగుళం, 5 నుంచి 25 వరకు ఉన్నది తీసుకోండి.

దీంతో నట్లు విప్పొద్దు, దానికి మామూలు రాచెట్ చాలు. మర మీద ఆయిల్ ఉంటే అదే కొలతకి బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి మాన్యువల్ ఆయిల్ రాయమంటే తప్ప గుడ్డతో శుభ్రంగా తుడిచి బిగించండి. డ్రెయిన్ వాషర్ కొత్తది వేయండి, దాని ఖర్చెంత. పని అయ్యాక పిడి తిప్పి అన్నిటికన్నా తక్కువ కొలతకి తెచ్చి పెట్టెలో పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగ్ నొక్కుకుపోయి ఉంటుంది.

ఒక్క లోటు, వెనక చక్రం యాక్సిల్ నట్టుకి ఇది సరిపోవట్లేదు, నా బండికి 60 దాటుతుంది. దానికి మాత్రం మా వీధి చివర మెకానిక్ దగ్గర పెద్దది అడిగి తెచ్చుకుంటున్నాను.