పై టౌన్ పల్లె ఫొటోలు, పైసా ఖర్చు లేకుండా: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్ ఫొటోల మీద నా రివ్యూ

నెల రోజులుగా రాత్రి భోజనం అయ్యాక నాకు ఒకటే పని. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటు తెరిచి, 1940లో న్యూ మెక్సికో రాష్ట్రంలో పై టౌన్ అనే చిన్న వ్యవసాయపు ఊళ్లో తీసిన ఫొటోలను ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని చూస్తున్నాను. సినిమా రివ్యూలు, హోటల్ రివ్యూలు అందరూ రాస్తారు, ఇలాంటి దాని గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనపడలేదు కాబట్టి నేనే రాస్తున్నా. ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గించానో కింద ఉంది.

అసలు ఇవేంటంటే, 1930ల్లో అమెరికాలో కరువు, దుమ్ము తుఫాన్లు, పంటలకు ధరలు లేకపోవడం అన్నీ ఒకేసారి మీద పడి రైతులు ఊళ్లు వదిలి పోతున్న రోజుల్లో, వాళ్ల ప్రభుత్వంలో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అని ఒక శాఖ ఉండేది. అందులో రాయ్ స్ట్రైకర్ అనే ఆయన కింద కొంతమంది ఫొటోగ్రాఫర్లకు జీతాలిచ్చి పల్లెల మీదికి పంపారు. వాళ్లు తీసిన నలుపు తెలుపు నెగటివ్‌లు దాదాపు 1,75,000, రంగువి 1,600 దాకా ఉన్నాయి. 1944లో అవన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి, ఇప్పుడు ఎవరైనా ఎక్కడి నుంచైనా చూడొచ్చు. వలస పోయే తల్లి ఫొటో ఒకటి మీరు కూడా ఎక్కడో చూసే ఉంటారు, అదీ ఇందులోదే. కానీ నన్ను కట్టి పడేసింది అంత పేరున్న ఫొటో కాదు. రస్సెల్ లీ అనే ఫొటోగ్రాఫర్ ఒకే ఊళ్లో ఉండి తీసిన ఆరు వందల దాకా ఫొటోలు.

పై టౌన్ సముద్ర మట్టానికి సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. 1920ల్లో ఒకాయన అక్కడ రోడ్డు పక్కన ఎండు ఆపిల్ ముక్కలతో పై అనే తీపి వంటకం చేసి అమ్మేవాడట, ఊరికి ఆ పేరే ఖాయమైంది. టెక్సస్, ఓక్లహామా నుంచి చేతిలో ఏమీ లేకుండా వచ్చిన కుటుంబాలు ప్రభుత్వ భూమిని సాగు చేసుకుని బతుకుదామని అక్కడ దిగాయి. మొక్కజొన్న, పింటో బీన్స్ వేసేవాళ్లు, పింటో అంటే మన రాజ్మా జాతి గింజలే. అంతా వానాధారం, ఆ ఎత్తులో మంచు తొందరగా పడుతుంది కాబట్టి పంటకి దొరికే రోజులు కూడా తక్కువ. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసిన ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఒక ఫొటో గురించి వివరంగా చెప్పాలి. రంగు ఫొటో, కోడాక్రోమ్ ఫిల్ము. లీ 1940లోనే మళ్లీ వచ్చినప్పుడు తీసింది. ఒక రైతు, ఆయన భార్య, వాళ్ల ఐదుగురు పిల్లల్లో అందరికంటే చిన్న బిడ్డ, నేలలోకి సగం తవ్వి పైన దుంగలు, మట్టి కప్పిన ఇంట్లో ఉన్నారు. వాళ్ల ముఖాలు చూస్తే మన ఊళ్లో కుటుంబ ఫొటోకి నిలబడినవాళ్ల లాగే బిగుసుకుని ఉంటారు. ఫొటో కింద రాసింది చదివితే తెలుస్తుంది, ఏడాది కూడా కాలేదు వాళ్లు వచ్చి, చేతిలో డబ్బు లేదు, పనిముట్లు పెద్దగా లేవు, అందుకని వ్యవసాయమంతా చేతులతోనే, నెమ్మదిగా, కష్టంగా. ఆ తర్వాత ఇంకో మాట ఉంటుంది. ఆ ఇంట్లో ముఖ్యమైన కిటికీని, వెస్ట్ టెక్సస్ నుంచి వాళ్లని అక్కడిదాకా మోసుకొచ్చి అరిగిపోయిన పాత కారు ముందు అద్దంతో చేసుకున్నారని. నేను ఆ వాక్యం చదివి చాలాసేపు స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాను. కారు పనికిరాకుండా పోయింది, దాని అద్దంలోంచి ఇంట్లోకి వెలుగు వస్తోంది. ఫొటో ఒక్కటే అయితే ఈ విషయం మనకి ఎప్పటికీ తెలిసేది కాదు, రాసినవాళ్ల పుణ్యమా అని తెలిసింది. ఆ వివరాలు సేకరించి రాయడంలో లీ భార్య జీన్ కూడా పని చేశారు, ఇద్దరూ కలిసే తిరిగేవాళ్లు.

ఇంకొకటి, ఒకావిడ తను కుట్టిన బొంత పట్టుకుని నిలబడిన రంగు ఫొటో. దున్నడం, విత్తడం, మొక్కజొన్నలో కలుపు తీయడం, బీన్స్ కోయడం అన్నీ భర్తతో పాటు పొలంలో చేస్తుందట, మధ్యాహ్నం కాసేపు విశ్రాంతి దొరికితే అప్పుడు బొంత కుడుతుందట. విశ్రాంతి అంటే ఇంకో పని అన్నమాట. మా అవ్వ కూడా అంతే, పొలం నుంచి వచ్చి సద్ది గిన్నె కడిగి బోర్లించాక, పాత చీరలు పరిచి బొంతకి కుట్లేసేది. మా ఇంట్లో ఆ బొంత ఇంకా ఉంది, కానీ అవ్వ దాన్ని కుడుతున్న ఫొటో ఒక్కటి కూడా లేదు. మా ఆల్బంలో ఉన్నవన్నీ పెళ్లి ఫొటోలు, స్టూడియోలో తాజ్ మహల్ పరదా ముందు దిగినవి.

లీ గురించి ఒక మాట. ఆయన చదివింది కెమికల్ ఇంజనీరింగ్, తర్వాత ఫొటోల్లోకి వచ్చాడు. చీకటి ఇళ్లలోకి వెళ్లి ఫ్లాష్ వెలిగించి తీసేవాడు కాబట్టి ఇంట్లో సామాను కూడా స్పష్టంగా పడింది. కళాత్మకంగా నీడలు ఉండాలి అనుకునేవాళ్లకి ఆ ఫ్లాష్ నచ్చకపోవచ్చు, కానీ అల్మరాలో వరసగా పేర్చిన గాజు సీసాలు, పొయ్యి మీద గిన్నెలు, భోజనం బల్ల మీద ఏం వడ్డించారో, అన్నీ చూడాలంటే నాకు ఇదే కావాలి. రోజు వారీ జీవితం ఎక్కువగా ఇంటి మూలల్లోనే ఉంటుంది మరి. పాటలు పాడుకోవడానికి ఊరంతా ఒకచోట చేరి రోజంతా గడపడం, ఎవరింట్లో వండింది వాళ్లు తెచ్చి అందరూ కలిసి తినడం, రాత్రి డ్యాన్సు, ఇవి కూడా తీశాడు.

ఇక సైటు ఎలా పని చేస్తుందో చెప్తాను. ఇంగ్లీషులో పై టౌన్ అని కొడితే చాలు, వరసగా వచ్చేస్తాయి. లాగిన్ లేదు, డబ్బు లేదు, మీద వాటర్‌మార్క్ లేదు. చిన్న సైజు జేపెగ్ నుంచి ప్రింటుకి పనికొచ్చే పెద్ద టిఫ్ ఫైలు వరకు ఏది కావాలంటే అది దించుకోవచ్చు. హక్కుల దగ్గర తెలిసిన ఆంక్షలేవీ లేవని రాసి ఉంటుంది, అంటే మీరు పుస్తకంలో వేసుకున్నా, గోడకి పెట్టుకున్నా ఎవరూ అడగరు. మన దగ్గర పాత ఫొటో ఒకటి కావాలంటే ఎన్ని అర్జీలు పెట్టాలో, ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవాళ్లకి తెలుసు.

నాకు అన్నిటికంటే నచ్చిన సదుపాయం ఇంకొకటి ఉంది. ప్రతి ఫొటోకి ఒక కాల్ నంబరు ఉంటుంది, అంటే లైబ్రరీలో దాని గుర్తింపు సంఖ్య, ఆ నంబరుకి ముందూ వెనకా ఉన్న ఫొటోలు కూడా చూపించమని ఒక లింకు ఇస్తారు. దాన్ని నొక్కితే అదే ఇంటి దగ్గర, చాలాసార్లు అదే పూట తీసిన మిగతా ఫొటోలు వస్తాయి. అప్పట్లో ప్రింటు వేయని నెగటివ్‌లు చాలా ఉన్నాయి, వాటికి పేరు లేదు, వివరణ లేదు, మామూలుగా వెతికితే దొరకవు, ఈ లింకుతోనే బయటపడతాయి. కొన్నిటి మధ్యలో నల్లటి గుండ్రటి చుక్క కనపడుతుంది, స్కానింగ్ తప్పు అనుకోకండి. పనికిరాదనుకున్న నెగటివ్‌లకి అప్పట్లో పంచింగ్ మిషన్‌తో చిల్లు కొట్టేవాళ్లు, స్ట్రైకర్ ఆఫీసులో అదొక పద్ధతి. మనిషి ముఖం మీదే ఆ చిల్లు పడిన ఫొటోలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. అయినా లైబ్రరీ వాళ్లు వాటిని పారేయకుండా, దాచిపెట్టకుండా అలాగే పెట్టారు, అది చాలా పెద్ద విషయం.

ఇప్పుడు అర మార్కు సంగతి. పాత కేటలాగ్ ఒకటి, కొత్త సైటు ఒకటి, రెండూ నడుస్తున్నాయి, ఒకే ఫొటో రెండు చోట్లా రెండు రకాలుగా కనపడి మొదట్లో నాకు బాగా తికమక అయింది. ఫోన్‌లో పెద్ద ఫైళ్లు చూడడం కష్టం, కంప్యూటర్ ఉంటేనే సుఖం. అంతా ఇంగ్లీషే, ఇంట్లో పెద్దవాళ్లకి చూపించాలంటే మనం పక్కన కూర్చుని చదివి చెప్పాలి. మ్యాప్ మీద చూడాలనుకునేవాళ్లకి మటుకు యేల్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఫొటోగ్రామర్ అనే సైటు హాయిగా ఉంటుంది, ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) నొక్కితే అక్కడి ఫొటోలు వస్తాయి. నేను ముందు అందులో ఊరు వెతికి, తర్వాత లైబ్రరీ సైటుకి వెళ్లి పెద్ద ఫైలు దించుకుంటున్నాను.

ఇంకొక విషయం మనసులో పెట్టుకుని చూడాలి. ఇవి ప్రభుత్వం డబ్బిచ్చి, తన పథకాల అవసరం జనానికి తెలియాలని తీయించిన ఫొటోలు. పై టౌన్ ఫొటోల్లో కష్టపడి పైకొస్తున్న కొత్త రైతు కుటుంబాలే ఎక్కువ కనపడతాయి, తరతరాలుగా ఆ నేల మీద ఉన్నవాళ్లు దాదాపు కనపడరు. అందుకని నేను అక్కడే ఆగకుండా లీ అదే ఏడాది జులైలో తీసిన చమిసాల్, పెన్యాస్కో ఊళ్ల ఫొటోలు కూడా చూశాను. అవీ న్యూ మెక్సికోవే, స్పానిష్ మాట్లాడే పాత పల్లెలు. అక్కడ మట్టి ఇంటి గోడకి ఆడవాళ్లు చేతులతో మట్టి పూస్తున్న ఫొటోలు ఉన్నాయి, ఏడాదికి ఒకసారి ఈ పని చేస్తారని కింద రాశారు. పై టౌన్ చూసినవాళ్లు ఇవి చూడకుండా ఉండకండి, రెండూ కలిపి చూస్తేనే ఆ ప్రాంతం అర్థమవుతుంది.

ప్రింట్లు వేయించేటప్పుడు మాత్రం జాగ్రత్త. నేను పన్నెండు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మా దగ్గర ఒక షాపులో ఇచ్చాను. తెచ్చుకుని చూస్తే అంచులన్నీ కోసేశారు, ముఖాలు తెల్లగా చేసేశారు, ఎండకి కమిలిన రైతు బుగ్గలు పౌడర్ రాసినట్టు అయిపోయాయి. అడిగితే మిషన్ దానంతటదే చేసేస్తుంది సార్, అందరికీ అలాగే ఇష్టం అన్నారు. నాకు నిజంగా బాధేసింది. 1940లో ఒక మనిషి అంత దూరం వెళ్లి, చీకటి ఇంట్లో ఫ్లాష్ పెట్టి జాగ్రత్తగా తీసిన దాన్ని, మిషన్ ఒక్క నిమిషంలో ఎవరి ముఖమో కాకుండా చేసేసింది. మళ్లీ డబ్బు కట్టి, కలర్ కరెక్షన్ ఆపేయమని, చుట్టూ తెల్ల అంచు ఉంచి ఫొటో మొత్తం రావాలని, మ్యాట్ కాగితం మీద వేయమని, పక్కన నిలబడి వేయించాను. మీరు వేయిస్తే ఈ మూడూ ముందే చెప్పండి.

ఆ ప్రింట్లు పోయిన వారం ఊరికి తీసుకెళ్లాను. మా తాత కారు అద్దం కిటికీ ఫొటో చాలాసేపు చూసి, ఆ రైతు గురించి ఏమీ అడగలేదు, పైకప్పు గురించి అడిగాడు. "దుంగల మీద మన్ను వేసినారు గదా, వాన వస్తే కారదా?" అన్నాడు. మా పాత ఇల్లు మట్టి మిద్దె, ప్రతి ఏడాదీ వానలకి ముందు చౌడు మన్ను తెచ్చి పైన వేసేవాళ్లు, అది చేసిన మనిషికి మొదట కనపడేది కప్పే. నాకు జవాబు తెలియలేదు. బీన్స్ చేను ఫొటో చూసి ఎకరాకి ఎంత దిగుబడి వచ్చేదని అడిగాడు, అదీ చెప్పలేకపోయాను. వాళ్లు అక్కడే ఉన్నారా ఇప్పుడు అంటే మాత్రం చెప్పాను, తర్వాత వానలు తగ్గి, యుద్ధం వచ్చి, చాలామంది వెళ్లిపోయారని. తాత తల ఊపాడు. మా ఊళ్లో మా వీధి వీధంతా బెంగళూరుకి పోయింది.

అవ్వకి చూపు తగ్గింది, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చమిసాల్ ఫొటో చేతికిచ్చాను. ఆడవాళ్లు గోడకి మట్టి పూస్తున్నది దగ్గరగా పెట్టుకుని చూసి, వేళ్లతో ఆ గోడ మీద తడిమింది. ఏడాదికి ఒకసారి పూస్తారంట అవ్వా అన్నాను. "ఒకసారేనా? మేము సంక్రాంతికి, ఉగాదికి రెండుసార్లు పూసేవాళ్లం, పేడ కలపందే మన్ను నిలబడదు, వీళ్లు ఏం కలిపినారో అడుగు" అంది. వాళ్లు గడ్డి కలుపుతారు అవ్వా అంటే, అయితే పర్వాలేదు అన్నట్టు చూసింది. తర్వాత ఫొటో తిప్పి వెనక్కి చూసింది, అక్కడ ఏమీ లేదు. ఆ గోడ పని పూర్తయినాక తీసింది ఉందేమో చూడు, ఎట్లా వచ్చిందో చూడాల అంది.

వచ్చిన రోజు నుంచి పక్క నంబర్లు తిప్పుతున్నాను.