కుమార పర్వతం: కుక్కె నుంచి ఎక్కాలా, బీదళ్ళి నుంచా?

బెంగళూరులో ఉండే మనవాళ్ళు సర్పదోష పూజలకని కుక్కె సుబ్రహ్మణ్య వెళ్తుంటారు కదా, ఆ ఊరి వెనక ఉన్న కొండే కుమార పర్వతం. ఎత్తు 1,712 మీటర్లే, కానీ కుక్కె నుంచి బయల్దేరితే అందులో 1,500 మీటర్లకు పైగా కాళ్ళతోనే ఎక్కాలి, అందుకే మొదటిసారి వెళ్ళేవాళ్ళు సోమవారపేట వైపున్న బీదళ్ళి నుంచి ఎక్కి అటే దిగిపోవడం మంచిదంటాను.

మేం డిసెంబరులో బీదళ్ళి నుంచి ఎక్కి కుక్కె వైపు దిగాం. బీదళ్ళి దారి కుక్కె దారిలో దాదాపు సగం దూరమే, చాలావరకు అడవి నీడే. శిఖరానికి కాస్త ముందు ఏటవాలు బండలొస్తాయి, వాటి మీద నీళ్ళు జారుతూ పాచి పట్టి ఉంటుంది, అక్కడ రెండు చేతులూ ఆనించి మెల్లగా పాకాల్సిందే. గ్రిప్ అరిగిపోయిన షూస్‌తో మాత్రం రావద్దు, దయచేసి.

అసలు కష్టం దిగడంలో ఉంది. శేష పర్వతం దాటి కల్లు మంటపం మీదుగా గిరిగద్దె దాకా అంతా గడ్డి కొండలే, చెట్టు నీడ దొరకదు, మధ్యాహ్నం ఎండలో మోకాళ్ళు వణికిపోతాయి. ఇద్దరికి తలా మూడు లీటర్ల నీళ్ళున్నా సరిపోలేదు. గిరిగద్దెలో భట్టరమనె చేరాక స్టీలు కంచంలో వేడన్నం, సాంబారు, ఆఖర్న మజ్జిగ, అంత రుచిగా ఈ మధ్యెక్కడా తినలేదు. అది హోటల్ కాదు, ఒక కుటుంబం ఇల్లు, కాబట్టి తిన్న కంచం కడిగి పెట్టండి, గోల చెయ్యకండి.

కుక్కెలో బస మాత్రం నచ్చలేదు. ఒక లాడ్జిలో ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, శనివారం రాత్రి అడిగింది ఇంకొకటి, వేడినీళ్ళూ లేవు. గది లేకుండా, కుమారధార నదిలో స్నానం, గుడిలో దర్శనం, రాత్రికి బెంగళూరు బస్సు, ఇలా పెట్టుకుంటే డబ్బూ టెన్షనూ రెండూ తగ్గుతాయి.

శిఖరం మీద గుడారాలు వెయ్యనివ్వరు, కాబట్టి తెల్లారగానే నడక మొదలెట్టాలి. వానాకాలంలో జలగలు విపరీతం. అటవీ శాఖ పర్మిట్ ఆన్‌లైన్లో ముందే తీసుకుని, అది చేతికొచ్చాకే బస్సు టికెట్లు కొనండి.